కమిలిన భుజం

కువైట్‌లో నేను వంట చేసిన ఇంటి పెద్దాయనను బాబా అనేవాణ్ణి. ఆఫ్రికా వేటకు బయలుదేరే ముందు ఆయన తేలిక తుపాకీ తూటాలను అరచేతిలో దొర్లించుకుంటూ కూర్చునేవాడు. "గురి ఉంటే చిన్న తూటా చాలు. భుజం కమలదు" అనేవాడు.

1990 జూలై చివర కబ్ద్ ఎడారిలో ఆయన గురి సరిచూసుకుంటుంటే నేను ఊరుకోలేకపోయాను.

"అంత పెద్ద దుప్పికి ఈ రవ్వంత తూటా యాడ సాల్తాది బాబా?"

ఆయన నవ్వి, నా మాట కోసం బరువు తుపాకీని ఒక్కసారి పేల్చాడు. అది వెనక్కి తన్నిన దెబ్బకు కుడిభుజం నల్లగా కమిలింది. "చూశావా? ఇది ఖలాస్" అని పక్కన పెట్టేశాడు.

వారం తిరక్కముందే ఇరాక్ సైన్యం వచ్చింది. తమ మీద తుపాకీ పేల్చిందెవరో తెలుసుకోవడానికి మగవాళ్ల చొక్కాలు విప్పించి భుజాలు చూశారు. బాబాను తీసుకుపోయారు. ఆయన మళ్లీ రాలేదు.

నా భుజాలూ చూశారు. ఏ మచ్చా లేదని వదిలేశారు.