మెట్ల మీద పెట్టిన ఓటు

క్లీటస్ గాడిస్ మంటల్లో పోయిన మధ్యాహ్నం మేమంతా వీధిలో మంచులో నిలబడ్డాం. మంటలార్పేవాళ్ళు నాలుగో అంతస్తు కిటికీలోంచి దుప్పటి చుట్టిన శవాన్ని దించుతున్నారు. ఆయన భార్య ఓథా మే మోకాళ్ళ మీద కూలబడి కడుపులోంచి అరిచింది. మూడో అంతస్తు దోన్యా లూమీ వెళ్ళి ఆమె వెనక నిలబడి భుజాలు రెండూ గట్టిగా పట్టుకుంది.

అది డెబ్భై ఆరు ఫిబ్రవరి. దక్షిణ బ్రాంక్స్‌లో మా ఒక్క వీధిలోనే అప్పటికి పదకొండు ఇళ్ళు కాలాయి. అద్దెల కన్నా బీమా మీద ఎక్కువ వస్తుందని యజమానులే తగలబెట్టిస్తున్నారని అందరికీ తెలుసు, పోలీసులకు తప్ప. మా యజమాని ముందు బాయిలర్ ఆపించాడు. తర్వాత మనుషుల్ని పంపి రాగి గొట్టాలు కోయించుకుపోయాడు. మేము పొయ్యి తలుపు తెరిచి దాని ముందు పడుకునేవాళ్ళం. చివరికి నిప్పు పంపాడు.

దోన్యా అని మేము మర్యాదకి పిలిచే లూమీ పూర్తి పేరు ఇలుమినాదా సింత్రోన్. ప్యూర్టోరికో కొండల్లోంచి ఇరవై రెండేళ్ళప్పుడు వచ్చింది. పాతికేళ్ళుగా కోట్లు కుట్టే ఫ్యాక్టరీలో జేబులు అతికేది. మొగుడు కొట్టేవాడు. ఒకరోజు ఆమె ఇస్త్రీపెట్టెతో తిరిగి కొట్టింది. సరిగ్గా ఆ కింది ఇంట్లో ఉండేదాన్ని కనక చప్పుడు విన్నాను. ఆ మనిషి మళ్ళీ మా వీధిలో కనబడలేదు.

గాడిస్‌ను పాతిపెట్టిన వారం, లూమీ చర్చి కింది గదిలో అద్దెదారుల సంఘం పెడతానని చీటీలు అంటించింది. నలుగురం వెళ్ళాం. దాంతో ఆమె ఒక్కొక్క తలుపూ బాదడం మొదలుపెట్టింది.

"మీ ప్యూర్టోరికో వాళ్ళ గొడవలోకి నన్ను లాగకు," అన్నాడు కింది అంతస్తు హోరేస్. బస్సు నడిపే నల్లాయన.

"మా గొడవా? చచ్చింది మీవాడు కాదూ?"

"పోలీసులున్నారు."

"ఉన్నారు, కాలాక వస్తారు. నువ్వూ కాలాకే వద్దువుగాని, ఆ బస్సు టోపీ పెట్టుకుని."

హోరేస్ మొహం మీదే తలుపు వేశాడు. మర్నాడు వచ్చాడు, టోపీ లేకుండా.

నెల తిరిగేసరికి పంతొమ్మిది కుటుంబాలయ్యాం. అంతస్తుకు ఇద్దరం చొప్పున వంతులవారీగా మెట్ల మీద కాపలా. చేతిలో గిన్నె, గరిటె. కొత్త మొహం కనిపిస్తే మోగించాలి, మోగితే అందరూ బయటికి రావాలి. ఎనిమిదేళ్ళు ఎదురెదురు తలుపుల్లో ఉండి పేర్లు తెలియని వాళ్ళం ఆ మెట్ల మీద ఒకళ్ళ పళ్ళెంలో ఒకళ్ళం కందిగింజల అన్నం తిన్నాం. ఓథా మే మాత్రం మసిబారిన తన గుమ్మం ముందు ఒక్కతే కూర్చునేది. పలకరిస్తే తల ఊపేది.

ఈస్టర్ ఆదివారం పొద్దున పదకొండింటికి వాళ్ళొచ్చారు. చాలామంది చర్చికి వెళ్ళి ఉంటారని లెక్క వేసుకున్నట్టున్నారు. ఇద్దరు, చెరో పెట్రోలు డబ్బా. ఒకడు ఎవడో తెలియదు. ఇంకొకడు పక్క వీధి చెవో, పాతికేళ్ళవాడు. కింది అంతస్తుల కాపలావాళ్ళు చర్చికి పోయారు; మూడో అంతస్తులో నేనూ లూమీ ఉన్నాం. నేను గిన్నె బాదుతూనే ఉన్నాను.

"దోన్యా, పక్కకి జరగండి," అన్నాడు చెవో. "మీ జోలికి రాం. పని చూసుకుని పోతాం."

"చర్చిలో తొలి ప్రసాదానికి నువ్వేసుకున్న తెల్ల ప్యాంటు కుట్టింది నేనురా."

"అందుకే కదా చెప్తున్నా, జరగండి!"

ఆ తెలియనివాడు ఆగలేదు. అడ్డుపెట్టిన ఆమె చేతి మీద పెట్రోలు చిమ్మి లైటర్ వెలిగించాడు. కుడి చెయ్యి భుజం దాకా భగ్గుమంది. లూమీ వెనక్కి పరుగెత్తలేదు. ఆ కాలే చేత్తోనే వాడి మెడ చుట్టి మెట్ల మీద నుంచి కిందికి దూకింది. ఇద్దరూ దొర్లారు. వాడి మూతి ఇనుప కమ్మీకి కొట్టుకుని పళ్ళు రాలిపడ్డాయి. వాడు చొక్కా తగలబడుతుండగానే వీధిలోకి పరుగుతీశాడు. హోరేస్ భార్య తడి దుప్పటి లూమీ మీద వేసింది.

పైన చెవో చిక్కుకుపోయాడు. తలుపులన్నీ తెరుచుకున్నాయి. గొట్టాలు, పెనాలు, కుర్చీ కాళ్ళు. వాడి పక్కటెముకలు విరిగిన చప్పుడు నాకు వినబడింది. నేనూ కొట్టాను. గిన్నె అంచుతో చెవి మీద. చర్మం చీలి రక్తం నా మణికట్టు మీద పడితే హాయిగా అనిపించింది. అది దాచను. హోరేస్ వాణ్ణి చీలమండలు పట్టుకుని మెట్ల మధ్య సందులోకి తలకిందులుగా వేలాడదీశాడు. కింద మూడంతస్తుల లోతు, గచ్చు నేల.

"పడెయ్! కిందికి పడెయ్ హోరేస్!" అందరం అరుస్తున్నాం, రెండు భాషల్లోనూ.

లూమీ గోడ పట్టుకుని మెట్లెక్కి వచ్చింది. దుప్పటి కింద చెయ్యి తోలు ఊడి ఎర్రగా ఉంది. పళ్ళు టకటకమంటున్నాయి.

"ఆగండి. మనది సంఘం. ఏం చేసినా ఓటు పెట్టే చేస్తాం."

"ఇప్పుడా నీ ఓట్లు?" అన్నాడెవరో.

"ఇప్పుడే. వీణ్ణి చంపాలన్నవాళ్ళు చెయ్యెత్తండి. అన్సెల్మా పేర్లు రాసుకుంటుంది. ఆ కాగితం పోలీసులకు నేనే ఇస్తా."

అన్సెల్మా అంటే నేనే. నా దగ్గర కాగితమే లేదు. చెవో ముక్కులోంచి రక్తం బొట్టు బొట్టుగా కింద పడడం వినిపిస్తోంది.

"నా చేతులు ఖాళీగా లేవు," అన్నాడు హోరేస్ రొప్పుతూ.

అప్పుడు పై మెట్టు మీద నుంచి ఓథా మే చెయ్యెత్తింది. వంచకుండా, నిటారుగా. కొందరు తల తిప్పుకున్నారు. లూమీ తిప్పుకోలేదు.

"ఒకటి. రాయి అన్సెల్మా, ఓథా మే గాడిస్. వద్దన్నవాళ్ళు?"

ఒక్కొక్క చెయ్యీ లేచింది. అన్నిటికన్నా ఆలస్యంగా లేచింది నాది.

"పైకి లాగు హోరేస్."

చెవోకి ఒక చెవి పోయింది, ఆరు ఎముకలు విరిగాయి. కోర్టులో నోరు విప్పాడు. డబ్బా ఇచ్చిందెవరో, ఇప్పించిందెవరో చెప్పాడు. యజమాని జైలుకెళ్ళాడు. నిప్పంటించినవాడు దొరకలేదు. లూమీ వేళ్ళు నాలుగు ఒకదానికొకటి అతుక్కుపోయాయి. ఫ్యాక్టరీ వాళ్ళు ఇక రావద్దన్నారు. ఆ తర్వాత ఆమె పనంతా సంఘమే అయింది. రెండేళ్ళు నగరపాలక ఆఫీసు బల్ల మీద ఆ చెయ్యి పెట్టి కూర్చుని, నగరం స్వాధీనం చేసుకున్న మా భవనాన్ని సంఘానికి రాయించింది. ఆ మధ్యలోనే మాలో ముప్పై ఒక్కమందిని తోలుకెళ్ళి జీవితంలో మొదటిసారి నగర ఎన్నికల్లో ఓటు వేయించింది.

ఓథా మే ఏడాది పాటు ఆమెతో మాట్లాడలేదు. కాపలా వంతు మాత్రం ఒక్కటీ తప్పలేదు. ఒక చలిపొద్దున లూమీ వాకిట్లో కోటు బొత్తాలతో తంటాలు పడుతుంటే ఓథా మే వచ్చి ఒక్కొక్కటే పెట్టింది.

"ఆ రోజు నా చెయ్యి లెక్కపెట్టావు," అంది.

"లెక్కపెట్టకపోతే అది ఓటెలా అవుతుంది?"

"ఇప్పుడు పెట్టినా చంపమనే వేస్తా."

"వెయ్యి," అంది లూమీ. "నేను వద్దనే వేస్తా."

ఇద్దరూ కలిసి సంఘం మీటింగుకి వెళ్ళారు.