జేజి వేసిన తలుపు

మొన్న మంగళవారం పొద్దున మా జేజి చనిపోయింది. నాయనకు ఆ మాట నోటితో చెప్పలేకపోయాను. ఫోను ఎత్తి ఆయన "ఏమిరా" అనగానే ఫోను పెట్టేశాను. "జేజి లేదు నాయనా" అని టైపు చేసి పంపాను. నాయనా అమ్మా బెంగుళూరులో బిల్డింగు పనిలో ఉన్నారు. కాసేపటికి ఆయనే ఫోను చేశాడు.

"మాయమ్మ పక్కనే కూర్చో. లేయొద్దు. మేము బస్సెక్కతాండాం," అన్నాడు.

కూర్చున్నాను. జేజి గోడకు ఆనుకుని, వక్కాకు సంచి ఒళ్ళో పెట్టుకుని, ఏదో చెప్పబోయి ఆగిన మనిషిలా ఉంది.

మా నాయనను కన్న తల్లి ఆమె. వేరుశనగ పంట వరసగా పోయాక అమ్మానాయనలు ఊరు విడిచారు. అప్పటి నుంచి ఇంట్లో మేమిద్దరమే. నేను తొమ్మిదిలో బడి మానేసి మేకల వెంట పోతున్నాను. చదవడం వచ్చు గానీ కూడబలుక్కుని చదవాలి. ఎవరి గురించైనా ఇంత రాయడం నాకు ఇదే మొదలు. తప్పులుంటే సర్దుకోండి.

నేను పెద్దగా మాట్లాడను. ఎవరైనా ఎదురొస్తే పక్కకు జరిగిపోతాను. ఊళ్ళో కొందరు నన్ను మూగోడు అంటారు. జేజి మాత్రం ఎప్పుడూ "ఆకలైందా" అని నన్ను అడగలేదు. నా ముఖం చూసి పళ్ళెం పెట్టేసేది. "మాట్లాడనోని ఆకలి మనమే కనుక్కోవల్ల" అనేది. చేయి కడిగిన నీళ్ళు కూడా పారబోసేది కాదు. కరివేపాకు చెట్టుకు పోసేది. "ఇది మన ఎంగిలి తాగి పెరిగిందిరా. మనింటి మనిషే" అనేది. ఇట్లాంటివి రోజూ విన్నాను. విన్నట్టు ఆమెకు ఒక్కసారి కూడా చెప్పలేదు.

ఆమె గురించి చెప్పాలంటే పొడుగన్న గురించి చెప్పాలి.

పోయిన ఏడాది వినాయక చవితికి ముందు ఆటో అతను ఒక మనిషిని పెట్టెలతో సహా మా వాకిట్లో దింపాడు. బత్తలపల్లె రోడ్డులో ఉన్న కాలేజీలో చదువుకోవడానికి వచ్చాడట. ఆటోలోంచి ఆయన దిగుతూ ఉంటే ఇంకా దిగుతూనే ఉన్నట్టు అనిపించింది. అంత పొడుగు.

"అవ్వా, నీ ముందర రూము ఖాళీగా ఉండాదంట కదా. హాస్టల్లో చోటు లేదంట ఈయప్పకు," అన్నాడు ఆటో అతను.

"యా ఊరప్పా?"

"టాంజానియా."

"అది యాడొస్తాది? కదిరి దాటినాకనా?"

"సముద్రం దాటినాక అవ్వా."

జేజి వక్కాకు నమలడం ఆపేసింది. "మన పిల్లోల్లంతా చదువులకని బయటికి పోతాంటే ఈయప్ప ఈడికొచ్చినాడా! ఎవరో మోసం చేసినట్టుండారు పాపం," అంది. ఆటో అతను నవ్వాడు. ఆ పొడుగాయన కూడా ఏమీ అర్థం కాకుండానే నవ్వాడు. రూములోకి పోతూ వాకిలి పైకమ్మీకి తల కొట్టుకున్నాడు. ఆ పూట నుంచే జేజి ఆయన్ను పొడుగోడు అనడం మొదలుపెట్టింది. నేను పొడుగన్న అన్నాను, మనసులో.

ఆ మొదటి వారాలు ఆయనకు ఎట్లా గడిచాయో నాకు తెలుసు. మా ముందర రూముకూ ఇంటికీ మధ్య ఒకే గోడ. బోరు నీళ్ళు ఏ పూట వస్తాయో తెలియక సబ్బు నురగతో నిలబడిపోయేవాడు. వీధి పిల్లలు వెంట పడేవాళ్ళు. ముసలివాళ్ళు అరుగుల మీద నుంచి "బాగుండావా" అని అరిస్తే, ఆ ఒక్క మాట నేర్చుకుని అందరికీ "బాగుండావా" అనే జవాబు చెప్పేవాడు. సాయంత్రం ఫోనుకు సిగ్నలు అందే మూల వెతుక్కుని వాళ్ళమ్మతో మెల్లగా మాట్లాడేవాడు. ఆ మాటలు నాకు అర్థం కావు. గొంతు మాత్రం అర్థమయ్యేది.

ఆయనే నా ఫోన్లో ఒక యాప్ వేసి ఇచ్చాడు. తెలుగులో కొడితే వాళ్ళ భాషలోకి మారుతుంది, వాళ్ళది తెలుగవుతుంది. గోడకు అటు ఆయన, ఇటు నేను. మెసేజీలు పెట్టుకునేవాళ్ళం. "మీ మేకలు కూడా మా మేకల మాదిరే అరుస్తాయి" అని పంపాడు ఒకసారి. నేను నవ్వు బొమ్మ పంపాను. ఎదురుపడితే మాత్రం ఇద్దరమూ తల ఊపుకుని పోయేవాళ్ళం. నోటితో ఒక్క మాట లేదు.

జేజి ఆయనకు రెండు పూటలా వరి అన్నమే పెట్టింది. మా ఇళ్ళలో అది తెలిసిందే. మనకు రాగి సంగటి, ఇంటికొచ్చిన వాళ్ళకు బియ్యం అన్నం. వచ్చిన మనిషికి సంగటి పెడితే మర్యాద పోయినట్టు. రేషను బియ్యమైనా సరే, రాళ్ళు ఏరి, పప్పు చేసి, అరుగు మీద చాప వేసి వడ్డించేది. తర్వాత లోపలికి వచ్చి తలుపు వేసేది. ఆమే, నేనూ పొయ్యి దగ్గర కూర్చుని సంగటీ, రోట్లో నూరిన వేరుశనగ ఊరిబిండీ తినేవాళ్ళం.

"తలుపెందుకు జేజీ?" అన్నాను ఒకసారి.

"మనం సంగటి తినేది ఆయప్ప చూస్తే బాగుంటాదా? కాలేజీ చదివేవోడు. రేపు వాళ్ళమ్మకు చెప్తే ఏమనుకుంటాది? గతిలేనోళ్ళ కొంపలో దిగినాడు నా కొడుకు అనుకోదా?"

పొడుగన్న అన్నం కెలికి వదిలేసేవాడు. జేజి రసం మార్చింది, పప్పు మార్చింది, పక్కింట్లో అడిగి అప్పడాలు తెచ్చి వేయించింది. అయినా ఆయన బెల్టు మీద కొత్త చిల్లు పడింది. "తినడం లేదురా వాడు. రోజుకింత కరిగిపోతాండాడు," అని జేజి నాతో గొణిగేది. ఆమెకు అదొక్కటే పట్టుకుంది. మా ఇంట్లో ఒకరు ఆకలితో ఉండడం ఆమె ఓర్చుకోలేదు.

ఒక సాయంత్రం గోడ అవతల నుంచి మెసేజీ వచ్చింది. "నీకు ఒక ప్రశ్న. మీరు తినేటప్పుడు తలుపు ఎందుకు వేస్తారు? నేను చూస్తే మీ ఆహారం పాడవుతుందా?"

నేను జవాబు కొట్టేలోపే ఇంకొకటి. "కోపం లేదు. ఈ దేశానికి వచ్చాక ఎవరూ నాతో కూర్చుని తినలేదు. తిరిగి వచ్చేస్తానని మా అమ్మకు చెప్పాను. శనివారం వెళ్తాను."

జేజికి చదువు రాదు. రెండూ చదివి వినిపించాను, కూడబలుక్కుంటూ. చివరి మాటకు వచ్చేసరికి ఆమె చేతిలోని చేట కింద పెట్టేసింది.

"నేను తలుపేసింది నా సిగ్గుకు కదరా. వానికి వేసినాననుకున్యాడా?"

ఆమే మళ్ళీ అందుకుంది.

"నా చిన్నప్పుడు కూలికి పోతే మాకు బయట గోడ పక్కన పెట్టి తలుపేసుకునేవాళ్ళు. లోపల గిన్నెలు చప్పుడైతాంటే వినుకుంటా తినేవోల్లం. ఆ ముద్ద గొంతు దిగేది కాదు. ఇప్పుడు అదే తలుపు నేనేసినానా?"

లేచి పొయ్యి వెలిగించింది. ఎసరు పెట్టి, నూకలు ఉడికించి, రాగి పిండి పోసి, సంగటి కట్టెతో గెలికింది. నన్ను ముట్టనివ్వలేదు. ముద్దలు కట్టి మూడు పళ్ళాల్లో పెట్టింది. పోయి తలుపు బార్లా తీసింది.

"పో, పిలువు," అంది.

నేను ఫోను తీశాను.

"దాంతో కాదు. నోటితో పిలువు. దాంతో పిలిస్తే కుక్క గూడా రాదు."

"నాకు రాదు జేజీ."

"దేవుడు నోరిచ్చింది ముద్ద మింగేదానికొక్కటే కాదురా. పో."

ఆయన రూము ముందర నిలబడ్డాను. మంచం మీద పెట్టె తెరిచి ఉంది, సగం బట్టలు సర్ది ఉన్నాయి. నా చెవులు వేడెక్కాయి. "అన్నా, రా. తిందాం," అన్నాను. ఆయన నా వైపు చూశాడు. మాట అర్థం కాలేదు అనుకుంటా. నేను ఇంటి వైపు చేయి చూపించి మళ్ళీ అదే అన్నాను. ఈసారి లేచాడు.

వంగి లోపలికి వచ్చి, పొయ్యి దగ్గర మోకాళ్ళు పైకి పెట్టుకుని కూర్చున్నాడు. పళ్ళెంలోకి చూసి కదలలేదు. జేజి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. వద్దంటాడేమోనని ఆమెకు భయం.

ఆయన ముద్దలోంచి కొంచెం తుంచాడు. అరచేతిలో గుండ్రంగా చేశాడు. బొటనవేలితో నడుమ గుంట నొక్కాడు. ఆ గుంటలోకి ఊరిబిండి తీసుకుని నోట్లో వేసుకున్నాడు. కళ్ళు మూసుకున్నాడు.

"ఒరే, వీనికెవరు నేర్పినార్రా?" అంది జేజి.

ఆయన ఇంకో ముద్ద తిని, ఎడమచేత్తో ఫోను తీసి వాళ్ళమ్మకు వీడియో కాల్ చేశాడు. తలుపు బార్లా తీసి ఉన్నందుకేమో సిగ్నలు అందింది. పళ్ళెం చూపించబోయాడు.

"చూపించొద్దని చెప్పురా! సంగటి చూపించొద్దు!" అని జేజి కొంగుతో పళ్ళెం మూసేసింది. ఆయన నవ్వుతూ కొంగు తీసేశాడు. ఫోన్లో వాళ్ళమ్మ గట్టిగా ఏదో అని, లోపలికి పరిగెత్తి ఒక గిన్నె తెచ్చి చూపించింది. గిన్నెలో గుండ్రని ముద్ద. మొక్కజొన్న పిండితో చేస్తారట. వాళ్ళు రోజూ తినేది అదేనట.

జేజి ఫోను దగ్గరికి వంగి కళ్ళు చిన్నవి చేసి చూసింది. "తెల్ల సంగటి! మారాజులప్పా మీరు. నాది చూడు, ఎంత నల్లగుండాదో," అంది. మళ్ళీ సిగ్గుపడి కొంగు కప్పబోయింది. అవతల వాళ్ళమ్మ, ఇవతల జేజి, ఒకరి మాట ఒకరికి తెలియకుండా చాలాసేపు మాట్లాడుకున్నారు. మేము సంగటి నమలం, మింగుతాం. ఆయన నములుతుంటే జేజి మధ్యలో ఆగి, "నమలొద్దప్పా, మింగల్ల!" అని గొంతు చూపించింది. ఆయన మింగబోయి దగ్గాడు. వాళ్ళమ్మ ఫోన్లోంచే అదిలించింది, ఎవరినో తెలియదు.

శనివారం ఆయన పోలేదు. పెట్టెలోని బట్టలు మళ్ళీ దండెం మీదికి వచ్చాయి. మా తలుపు పగలు వేయడం జేజి మానేసింది. దుమ్ము వస్తుందని నేనంటే, "రానీలే, ఊడుస్తా" అనేది. బంధువులు వచ్చినా వాళ్ళ ముందే ఆయనకు సంగటి పెట్టేది. "ఏందత్తా, ఆయప్పకు ఇదా పెట్టేది?" అని ఎవరన్నా అంటే, "ఆయన బయటోడనుకుంటివా" అనేది.

మొన్న మంగళవారం నాయనా అమ్మా మధ్యాహ్నానికి వచ్చారు. సాయంత్రం జేజిని మా చేను గట్టున పూడ్చి వచ్చాం. మోసిన వాళ్ళలో పొడుగన్న ఉన్నాడు. ఆయన భుజం అందరికంటే ఎత్తు. పాడె ఒక పక్కకు ఒరగకుండా ఉండాలని దారి పొడుగునా కాళ్ళు వంచుకునే నడిచాడు.

మా వైపు చావు జరిగిన ఇంట్లో ఆ పూట పొయ్యి వెలిగించరు. వచ్చిన వాళ్ళు స్నానాలు చేసి ఎవరిళ్ళకు వాళ్ళు పోతారు. ఇంటి వాళ్ళకు పక్కవాళ్ళు వండి తెచ్చి పెడతారు. బోరు దగ్గర తలస్నానాలు అయ్యాక జనం లేచి పోతున్నారు. పొడుగన్న కూడా అందరినీ చూసి లేచాడు. తడి తువ్వాలు భుజాన వేసుకుని రూము వైపు కాకుండా రోడ్డు వైపు నడిచాడు. ఆ పూట ఆ గోడ పక్కన ఉండడం కూడా తప్పేమో అనుకున్నట్టున్నాడు.

అన్నం గంప నెత్తిన పెట్టుకుని వస్తున్న ఎదురింటి పెద్దమ్మ ఆయనకు అడ్డం నిలబడింది.

"యాడికి పోతాండావు నువ్వు? కూర్చో పో. ఇంటోళ్ళకు ఈ పూట మేము పెడతాం."

ఆయనకు తెలుగు ఇప్పుడు కొంచెం వచ్చు. ఎంత అర్థమైందో తెలియదు. నా వైపు చూశాడు. నేను కొంచెం పక్కకు జరిగాను.

గోడ వారగా నాయన, అమ్మ, నేను, నా పక్కన ఆయన. పెద్దమ్మ వరసగా నాలుగు విస్తరాకులు వేసింది. చేను వైపు నుంచి ఆషాఢం గాలి ఒక్కసారిగా కొట్టింది. ఇంకా వడ్డించని నా ఆకు లేచి ఎగిరిపోబోయింది. ఆయన ఎడమచేయి చాపి దాని అంచు నేలకు అదిమి పట్టాడు. పెద్దమ్మ అన్నం పెట్టేదాకా, పెట్టాక కూడా, ఆ చేయి అట్లాగే ఉంది.