బ్రష్ పట్టుకునే చెయ్యి

2005లో అమలాపురం బస్టాండు దగ్గర ఓ మందుల షాపు మేడమీద నా క్లినిక్ ఉండేది. ఎత్తుపళ్ళకి, వంకర పళ్ళకి క్లిప్పులు వేసి సరిచెయ్యడం నా పని. వాటినే బ్రేసులంటాం. ఒక్కో పన్నుమీద చిన్న బ్రాకెట్ అతికించి, వాటన్నిటినీ కలుపుతూ తీగ బిగిస్తాం. ఆ సందుల్లో మెతుకు ఇరుక్కుందంటే ఓ పట్టాన రాదు. అందుకే క్లిప్పులున్నవాళ్ళకి పళ్ళు తోముకోవడమే సగం వైద్యం.

సువార్తకి పదహారేళ్ళు. కాట్రేనికోన నుంచి వాళ్ళ నాన్నగారు ప్రకాశం మాస్టారితో వచ్చేది. ఎత్తుపళ్ళని ఏడిపిస్తున్నారని కాలేజీ మానేసి ఇంట్లో కూర్చుందట. "నలుగురిలో నవ్వగలిగితే చాలండి, ఇంకేం అక్కర్లేదు" అంది మొదటిరోజే.

క్లిప్పులు వేసేక ఆరు నెలలు పళ్ళు శుభ్రంగా ఉంచుకుంది. ఓ రోజు బ్యాగులోంచి ఎలక్ట్రిక్ బ్రష్ తీసింది. మస్కట్‌లో ఉన్న పిన్ని పంపించిందట. బటన్ నొక్కితే దాని బుర్ర గిర్రున తిరుగుతోంది.

"ఇది వాడొచ్చాండీ? మామూలు దాంతో తోముతుంటే చెయ్యి లాగేస్తోందండి."

నాకు ఒళ్ళు మండింది. "పళ్ళు తోముకోడానికి చెయ్యి లాగడమేంటమ్మా? బద్ధకం కాకపోతే! ఈ వయసుకే మిషన్లా? చక్కగా చేత్తో తోముకో."

"ఆయ్, అలాగేనండి" అని దాన్ని లోపల పెట్టేసుకుంది.

నిజానికి సరిగ్గా వాడితే రెండిట్లో ఏదైనా ఒకటే. ఆ సంగతి తెలిసే అన్నాను. డాబు వస్తువులంటే నాకు అప్పట్లో అదో మంట.

ఆ తర్వాత మూడు నెలలూ పళ్ళనిండా పాచి. చిగుళ్ళు వాచి నెత్తురు. బ్రాకెట్ల చుట్టూ తెల్ల మచ్చలు, అంటే పన్ను పుచ్చడానికి సిద్ధంగా ఉన్నట్టు. వచ్చిన ప్రతిసారీ తిట్టేను. ప్లాస్టిక్ పళ్ళసెట్టు మీద నేనే తోమి చూపించేను. చివరికి మాస్టారిని పిలిచి, "ఇలాగే ఉంటే క్లిప్పులు పీకేస్తానండీ" అన్నాను. ఆయన నా ఎదురుగానే కూతురి నెత్తిన మొట్టికాయ వేసేరు. నేను ఆపలేదు.

నాలుగో నెల విసిగిపోయి, కొత్త బ్రష్ తన చేతికే ఇచ్చి "ఏదీ, నువ్వే తోము" అన్నాను. నాలుగుసార్లు అటూ ఇటూ ఆడించిందో లేదో, బ్రష్ జారి సింకులో పడింది. మళ్ళీ తీసి, ఎడమచేత్తో కుడి మణికట్టు గట్టిగా పట్టుకుని తోమబోయింది. చెయ్యి వణుకుతోంది. బొటనవేలి కింద కండ కరిగిపోయి గుంటపడి ఉంది. అయ్యో భగవంతుడా! ఇన్నాళ్ళూ నోరే చూసేను, చెయ్యి చూడలేదు.

"చెయ్యి ఇలా ఉందని చెప్పొద్దామ్మా?" అన్నాను.

"మీరు బద్ధకమన్నారు కదండీ. నేనూ అదే అనుకున్నానండి."

ఆ మాటకి సిగ్గుతో చచ్చిపోయేను.

కాకినాడ పెద్దాసుపత్రిలో పరీక్షలు చేసేరు. ఒళ్ళంతా కండలకి మెల్లగా బలం పోయే జబ్బట. మందు లేదట. క్లిప్పులు తీసేద్దాం, ఆ బాధైనా తప్పుతుందన్నాను. సువార్త వద్దన్నట్టు తల అడ్డంగా ఊపింది.

"ఉంచండి డాక్టరమ్మగారూ, నేను తోముతాను. నాకు నేర్పండి" అన్నారు మాస్టారు.

ఎలక్ట్రిక్ బ్రష్ తెమ్మని ఈసారి నేనే చెప్పేను. కుర్చీలో కూతురు నోరు తెరిచింది. ఒక్కో పన్ను దగ్గరా ఆగి, "నొప్పెడుతోందా తల్లీ?" అని అడుగుతూ తోమేరాయన. కళ్ళు తుడుచుకోడానికి రెండుసార్లు వరండాలోకి వెళ్ళొచ్చేరు.

అప్పట్నుంచి ఏ బ్రష్ మంచిదని ఎవరడిగినా వెంటనే చెప్పను. చేతికి బ్రష్ ఇచ్చి, నా ముందు తోమమంటాను. చెయ్యి చూసేకే జవాబు.

ఏడాది తర్వాత క్లిప్పులు తీసేను. ఆ రోజు మాస్టారు ఆ పిల్లని ఎత్తుకుని మెట్లెక్కేరు. ఒక్క పన్నూ పుచ్చలేదు, వరస చక్కగా కుదిరింది. ఆ సంబరంలో, ఇంత తెలిసీ, అలవాటుకొద్దీ అద్దం సువార్త చేతికే అందించబోయేను. ఆ పిల్ల చేతులు ఒళ్ళోంచి లేవలేదు.

మాస్టారు నా చేతిలోంచి అద్దం తీసుకుని, కూతురి ముఖానికి ఎదురుగా పట్టుకున్నారు.