సమ్సోను ఉపవాసం

మా రెబ్కా అత్త నోరు మంచిది కాదు. సొంత మేనత్త కాబట్టి ఈ మాట అనే హక్కు నాకుంది. నల్లపాడులో మా రెండిళ్ళకీ మధ్య ఒకటే గోడ. ఆవిడ మిరపకాయలకు తొడిమలు తీసే పనికి బయల్దేరేలోపు మామయ్యను ఒక విడత, కుందేలును ఒక విడత తిట్టడం రోజూ వింటాను.

కుందేలును తెచ్చింది ప్రేమదాసు మామయ్య. పేరు సమ్సోను. "ఇంట్లో పనికిమాలిన మగాడు ఒకడు చాలలేదా, రెండోవాణ్ణి తెచ్చావు?" అని అత్త మొదటిరోజే అడిగింది. అది కొంగు కొరికిన ప్రతిసారీ, "ఆదివారం నిన్ను కూరొండేస్తాలే" అని బెదిరించేది. ఏ ఆదివారమైనా వండింది కోడికూరే.

పోయిన వారం సమ్సోను తినడం మానేసింది. పెంటికలు కూడా వేయలేదు. ఇంటికొచ్చిన ప్రతివాళ్ళూ ముద్దొస్తోందని రస్కులు పెట్టారు మరి. పొట్ట ఉబ్బి, మూలన నక్కి కూర్చుంది. అత్తకు తెలిసిన వైద్యం ఒకటే, కడుపు తేడా చేస్తే కడుపు మాడ్చడం. పైగా మర్నాడు శుక్రవారం, వాళ్ళింట్లో ఉపవాస ప్రార్థన.

"నాతోపాటు ఇదీ ఉంటది ఉపవాసం. పొట్ట తేలికపడిద్ది" అని గరిక గిన్నె తీసి అటక మీద పెట్టేసింది.

తెల్లారేసరికి అది తల వాల్చేసింది. అత్త చెప్పులైనా వేసుకోకుండా దాన్ని ఒళ్ళో పెట్టుకుని ఆటో ఎక్కింది. నేనూ వెంట వెళ్ళాను. పశువుల డాక్టరు శ్రీరమ్య గారు పొట్ట తడిమి చూసి, సూది వేసి, జరిగింది విని తల పట్టుకున్నారు.

"ఉపవాసం మీరుండండమ్మా, దీన్ని ఉంచకండి. తిండి ఆగితే కుందేలు పేగులు ఆగిపోతాయి. గరిక మెత్తగా నూరి, నీళ్ళు కలిపి, సూది లేని సిరంజితో కొంచెం కొంచెం పట్టండి. పొట్ట మెల్లగా నిమరండి. సాయంత్రానికి పెంటికలు పడకపోతే మాత్రం కష్టం."

తిరిగొచ్చేటప్పుడు అత్త ఆటోవాణ్ణి కూడా తిట్టలేదు. అందుకే నాకు భయం వేసింది.

ఇంటికొచ్చాక ఇంకో చిక్కు. ఎంత కడిగినా అత్త చేతుల మిరప ఘాటు పోదు. ఆ చేతులు దగ్గరికొస్తే సమ్సోను గింజుకుంది. దాంతో నిమరడం మామయ్య వంతైంది.

"మెల్లగయ్యా. అదేమన్నా గోనెసంచా?"

"నీ కాళ్ళు ఇట్టాగే గదే పిసికేది."

"అందుకే ఇంకా నొప్పులు తగ్గలా."

సాయంత్రం ప్రార్థనకు జనం వచ్చారు. పాస్టరు జయపాల్ అయ్యగారు వానల కోసం, మిర్చి ధర కోసం ప్రార్థిస్తున్నారు. అత్త ఒక కన్ను తెరిచి, మామయ్య ఒళ్ళోని సమ్సోను నోట్లో చెయ్యి తగలకుండా సిరంజి నొక్కుతోంది. చివరికి ఉండబట్టలేక, "అయ్యగారూ, దీని పెంటికల కోసం కూడా అడగండి" అంది. వెనక ఎవరో కిసుక్కుమన్నారు. అయ్యగారు నవ్వు బిగబట్టుకుని ఆ సంగతి కూడా దేవుడి ముందు పెట్టారు.

ఆమెన్ అనేలోపే సమ్సోను కిందికి దూకి, అయ్యగారి తెల్ల పంచె మీదుగా నడిచింది. దాని వెనకే మిరియాల్లాగా నల్లటి పెంటికలు. అందరూ బిగుసుకుపోయారు. అత్త మాత్రం వంగి, "స్తోత్రం తండ్రీ, స్తోత్రం" అంటూ వాటిని కొంగులోకి ఏరుకుని, వెక్కివెక్కి ఏడ్చింది. మా నాన్న పోయినప్పుడు కూడా ఆవిడ కళ్ళలో తడి చూడలేదు నేను.

"ఏడుస్తున్నావా అత్తా?" అన్నాను.

"ఏడుపేంటే, మిరప చేతులు కళ్ళకు తగిలినయ్."

ఈలోగా సమ్సోను వెనక్కి తిరిగొచ్చి కొంగు కొరకడం మొదలెట్టింది.

"ఆదివారం నిన్ను కూరొండేస్తా" అంటూ అత్త అటక మీది గరిక గిన్నె దింపింది.