చివర వచ్చిన ఆముదం

రోహిణీ కార్తెలో, మిట్టమధ్యాహ్నం, కాలువ గట్టు మీద నేను తోలిన సవారీ బండిని గాలి కూడా అందుకోలేకపోయింది. చక్రాలు నేల తాకలేదు. ఆ పందెం చూడటానికి ధవళేశ్వరం నుంచి పెద్దాపురం దాకా ఉన్న జనమంతా తరలివచ్చారు.

సరే, చక్రాలు నేల తాకాయి. జనం కూడా మా ఊరివాళ్ళు, పక్క ఊరివాళ్ళు, దారిన పోతూ ఆగిన ఒక తాటిముంజల మనిషి, అంతే. కాని ఎండ మాత్రం నేను చెప్పినంతా ఉంది. గోదావరి ఎండ విషయంలో అబద్ధం కలపవలసిన అవసరం నాకు ఎప్పుడూ రాలేదు.

ఆ పందెం పుట్టింది ఒక పెళ్ళి భోజనాల బంతిలో. నా పక్క విస్తరి మా బావది. మా అక్క మొగుడు. పక్క ఊరి కాలువ లాకు దగ్గర గుమాస్తా. ఏటా వేసవిలో కాలువలు కట్టేసి నీళ్ళు దింపేస్తారు కదా, అప్పుడు కాలువలో తిరిగే పొగపడవ లాకు పక్కన ఎండిన బురదలో ఒక వైపుకు ఒరిగి, తిరిగి నీళ్ళు వదిలేదాకా పడుకుని ఉంటుంది. పనిలేక కూర్చున్న, పడవ నడిపే సరంగుకు మా బావ రోజూ చుట్టలు ఇచ్చి స్నేహం చేశాడు. ఆ స్నేహానికి ఫలంగా ఇంజనుకు పోసే నూనె ఒక డబ్బాడు దొరికింది. దాన్ని తన బండి ఇరుసుకు పోసుకుంటున్నాడు. అది నలుగురికీ చెప్పకపోతే అతనికి అన్నం అరగదు.

బూరె చిదిమి నెయ్యి పోయించుకుంటూ మొదలుపెట్టాడు.

"ఏరా బామ్మర్దీ, నీ బండి ఇంకా ఏడుస్తూనే ఉందా? మొన్న నువ్వు సంతకొస్తుంటే, ఎవరో పోయారనుకుని మా వీధి ఆడవాళ్ళు బయటికొచ్చారు."

"అది బండి కాదు బావా. మీ ఊరు వస్తోందంటే నా గిత్తలకే ఏడుపొస్తుంది."

"ఆముదం మసి పూసుకు తిరిగేవాళ్ళకి అంతేలే. నాది ఇంజను నూనె! నిప్పుల పక్కన పనిచేసే నూనె. రోహిణి ఎండ దానికి వెన్నెల కింద లెక్క."

బంతిలో నవ్వులు లేచాయి. నాకు నోరు ఆగదు, అప్పుడూ ఆగలేదు.

"అయితే రోహిణిలోనే చూసుకుందాం. మిట్టమధ్యాహ్నం, లాకు దగ్గర్నుంచి గోదారి రేవు దాకా. రా!"

"వస్తాను. ఓడితే ఏమిస్తావు?"

"నా దాపటి గిత్తని తోలుకుపో!"

"నేనోడితే నా వలపటిది నీది. ఖాయమేనా?"

"ఖాయం!"

చాలాకాలం ఈ కథ చెప్పేటప్పుడు గిత్తల జత, బండి, పైగా కొబ్బరితోట కూడా ఒడ్డానని చెప్పేవాణ్ణి. ఒడ్డింది కాడికి ఎడమవైపు కట్టే ఆ ఒక్క దాపటి గిత్తనే. కాని ఆ ఒక్కటీ నాది కాదు. మా ఆవిడ కాపురానికి వచ్చినప్పుడు పుట్టింటివారు బండి వెనక కట్టి పంపిన దూడ అది. దారి పొడుగునా అది అరిచిందట, ఈవిడ ఏడ్చిందట. అలా ఇద్దరూ మా ఇంటికి వచ్చారు. తవుడు తన చేత్తోనే కలిపి పెట్టి పెంచింది. నా మీద కోపం వస్తే వెళ్ళి దాని గంగడోలు నిమురుతూ కూర్చునేది. కాబట్టి అది బాగా నిమిరించుకున్న గిత్త.

నేను 'ఖాయం' అన్న క్షణాన మా ఆవిడ సరిగ్గా నా వెనకే పెరుగు వడ్డిస్తోంది. గరిటె నా విస్తరి మీదకు వచ్చి ఆగింది. వెనక్కి పోయింది. నేను మజ్జిగ చుక్క కూడా లేకుండా బంతిలోంచి లేచాను.

ఇంటికి వెళ్ళే దారిలో నాతో మాటలేదు. బండి ముందుకు వంగి గిత్తతో మాట్లాడింది.

"విన్నావా నాన్నా, నిన్ను ఇచ్చేశారు. అమ్మేయడమైనా కాదు. బూరెలు తింటూ తింటూ ఇచ్చేశారు."

"ఏమే, నేను ఓడిపోతానని ఎవరన్నారు?"

"విన్నావా నాన్నా, గెలుస్తారట. ఇరుసు కీచుమనకుండా ఊరు దాటని మనిషి."

మరునాటి నుంచి నాకు నిద్ర పట్టలేదు. భయంతో కాదు, ఉత్సాహంతో! చలికాలంలో ఏ నూనె పూసినా బండి నడుస్తుంది. ఈ ఎండలో ఇనుప ఇరుసు ముట్టుకుంటే చెయ్యి కాలుతుంది. దాని మీద నూనె నిలవాలి, చక్రం తేలిగ్గా తిరగాలి. ఏ నూనె? ఊళ్ళో దొరికే నూనెలన్నీ చిన్న చిన్న ముంతల్లో పోగేశాను. నువ్వుల నూనె, కొబ్బరినూనె, ఆముదం మా ఇంట్లోవే. కానుగ నూనె దీపాలవాళ్ళ దగ్గర తెచ్చాను. ఎండుచేపలు అమ్మడానికి సముద్రం వైపు నుంచి వచ్చే పల్లెకారుల ఆవిడను అడిగితే సొరచేప నూనె తెచ్చిచ్చింది.

"పడవ చెక్కలకి రాస్తామండి బాబుగారూ. బండికి రాసినోళ్ళని ఇంతవరకు చూళ్ళేదండి. వాసనకి మీ గిత్తలు సముద్రంలోకి పోతాయేమో చూసుకోండి మరి!"

నూనెలకే ముందు పందెం పెట్టాను. ఇంట్లోంచి పెద్ద ఇత్తడి పళ్ళెం తెచ్చి, నడి ఎండలో రోలుకు ఆనించి ఏటవాలుగా నిలబెట్టాను. పళ్ళెం బాగా కాలాక పై అంచున వరసగా ఒక్కో నూనె బొట్టు వేశాను. ఇక చూడండి! కొబ్బరినూనె నీళ్ళలా జారింది. దాని వెనకే నువ్వుల నూనె. కానుగ కాస్త తటపటాయించింది. సొరచేప బొట్టు మంచి ఊపులో వస్తూండగా ఎక్కడి నుంచో మా పిల్లి వచ్చి దాన్ని నాకేసింది. ఆముదం మాత్రం కదలాలా వద్దా అన్నట్టు పై అంచునే బొజ్జ పెంచుకుంటూ కూర్చుంది.

"కొబ్బరినూనె గెలిచింది!" అని ఎగిరి గంతేశాను. పందెం బండికి పందెం గెలిచిన నూనె! ఇంతకన్నా న్యాయం ఏముంటుంది? ముంత పట్టుకుని బండి దగ్గరికి పరుగెత్తబోయాను.

మా ఆవిడ అంతసేపూ అరుగు మీద చేట పట్టుకుని చూస్తూనే ఉంది. పెళ్ళి బంతి తరువాత నాతో మొదటిసారి అప్పుడు మాట్లాడింది.

"గెలిచింది ఎక్కడుందండీ?"

పళ్ళెం చూశాను. కొబ్బరినూనె పళ్ళెం దాటి, రోలు దాటి, మట్టిలో ఇంకిపోయి ఉంది.

"రేపు ఇరుసు మీద వేసినా అక్కడికే పోతుంది" అంది. చేట పక్కన పెట్టి వచ్చి పళ్ళెం ముందు కూర్చుంది. ఆముదం అప్పటికి పళ్ళెం సగానికి వచ్చింది. వేలితో తీసి చూసింది. ఆ ఎండలో కూడా తీగలా సాగింది. "నా గిత్తకి ఇదే" అంది.

పూర్వం నుంచీ కందెన అంటే ఆముదంలో గడ్డి మసి కలిపిందేనని నాకు తెలియదా? తెలుసు. కాని ఇంజను నూనెను ఓడించాలంటే కొత్తది ఏదో ఉండాలని నా పిచ్చి. మా ఆవిడ వరిగడ్డి కాల్చి, మసిని పల్చటి గుడ్డలో వస్త్రకాయితం పట్టి, ఆముదంలో నూరింది. మొదట మసి ఎక్కువైంది. బండి కింద దిమ్మ పెట్టి చక్రం పైకి లేపి తిప్పితే అలిగినట్టు వెంటనే ఆగిపోయింది. ఆముదం పోసింది. ఈసారి తిరిగింది గాని, ఎండలో కాసేపు ఉంచితే బొట్లు రాలాయి. మళ్ళీ మసి. మళ్ళీ తిప్పడం. నా మోచేతుల దాకా నలుపు, ఆవిడ ముక్కు మీద నలుపు. చివరికి ఒకసారి తిప్పితే చక్రం తిరుగుతూ, తిరుగుతూ, ఆవిడ లోపలికెళ్ళి పొయ్యి మీద అన్నం చూసి వచ్చినా తిరుగుతూనే ఉంది. చుక్క రాలలేదు! ఇద్దరం చిన్నపిల్లల్లా చప్పట్లు కొట్టాం. వెంటనే ఆవిడకు కోపం గుర్తొచ్చి లోపలికి పోయింది.

పందెం రోజున గూడు తీసేసి, పరుపు తీసేసి, బండిని ఒట్టి ఎముకల గూడు చేశాను. బావ కూడా అంతే. లాకు దగ్గర ఇద్దరం పక్కపక్కన నిలిచాం. తుండుగుడ్డ పడింది. బావ గిత్తలు బాణాల్లా పోయాయి. ఇంజను నూనె నిజంగా మంచి నూనే. మొదట్లో అతని చక్రాలు తిరుగుతున్నాయా, జారుతున్నాయా అనిపించింది. గట్టు సన్నబడేసరికి అతను ముందు, నేను వెనక. అతని దుమ్మే నాకు అన్నం, నీళ్ళు.

అప్పుడు చూశాను. దుమ్ములో అతని చక్రాల జాడల పక్కనే నల్లటి చుక్కలు! నూనె కారిపోతోంది! కాసేపటికి చుక్కలు ఆగిపోయాయి, కారడానికి ఇంక లేదు. కీచుమని ఒక కేక. అతని కుడి చక్రం బొడ్డు నుంచి సన్నగా పొగ.

"బావా! నీ పొగపడవ బయల్దేరింది!" అని అరిచాను. "దారి వదులు!"

"వదలడానికి ఇది మీ ఇంటి పెరడేంట్రా? గాల్లోంచి పో!"

అతని బండి నెమ్మదించింది. నాది కుదుపు తప్ప చప్పుడు లేకుండా మీదకు వస్తోంది. కాని గట్టు మీద రెండో బండికి చోటులేదు. అలా వెనకే ఉంటే నెమ్మదిగానైనా అతనే ముందు రేవు చేరతాడు, గిత్త పోతుంది. పక్కన గొడ్లు దిగే బాట కనిపించింది. ఆలోచించలేదు. ఎండిన కాలువలోకి బండి దింపేశాను!

అక్కడ తెలిసింది కందెన ఎంత బాగా కుదిరిందో. గిత్తలు బండిని లాగడం పోయి బండే గిత్తలను తరమడం మొదలుపెట్టింది. పగ్గాలు పట్టుకుని వెనక్కి వాలి, తెలిసిన దేవుళ్ళందరినీ పిలిచాను. పట్టిసీమ వీరభద్రుడికి ఒక మొక్కు, అన్నవరం సత్యనారాయణ స్వామికి రెండు. అడుగున మిగిలిన మడుగులో మట్టగిడస చేపలు పట్టుకుంటున్నవాళ్ళు బుట్టలు వదిలి చెదిరిపోయారు. వాళ్ళలో మా సొరచేప నూనె ఆవిడ గొంతు వినిపించింది.

"బాబుగారో! అది కాలవండీ! పడవ కాదండీ మీది!"

నెర్రెలు విచ్చిన మట్టి మీద ఎగిరెగిరి పడుతూ, గట్టు మీద బావ తల కనిపిస్తుండగా, అతనితో సమానమయ్యాను. రేవు దగ్గర మళ్ళీ ఒక బాట ఉంది. "హెయ్!" అన్నాను. గిత్తలు గట్టు ఎక్కాయి. సగంలో దాపటిది జారింది. మోకాలి మీద పడబోయింది. నా ప్రాణం అక్కడే పోయింది. లేచింది! ఒక్క ఊపున పైకి! అటు నుంచి పొగతో బావ, ఇటు నుంచి మట్టితో నేను, రెండు దుమ్ములూ కలిసిపోయి రేవు పాక ముందు గీసిన గెలుపు గీత, దాని పక్కన నిలబడ్డ మా ఆవిడ, ఏమీ కనబడలేదు.

దుమ్ము తగ్గేసరికి గొడవ పెరిగింది. మావాళ్ళు మాదే ముందన్నారు, వాళ్ళు వాళ్ళదే అన్నారు. బావ కిందికి దూకి చెయ్యెత్తాడు.

"ఆగండెహె! గెలుపు గీత ఉన్నది చెల్లెమ్మ కాళ్ళ దగ్గరే. చెల్లెమ్మ ఏమంటే అదే."

"ఆ గిత్త ఆవిడదేనయ్యా!" అన్నారు బావ మనుషులు.

"తెలుసు. అయినా ఆవిడే చెప్పాలి."

అందరూ మా ఆవిడ వైపు తిరిగారు. ఆవిడ అప్పటికే గిత్త ముందు చతికిలబడి కాలు పట్టుకుని చూస్తోంది. ఒక్క మాట చాలు. నేను కళ్ళతో, కనుబొమ్మలతో, గడ్డంతో కూడా చెప్పాను, మనదే అని. ఆవిడ తలెత్తింది.

"నేను బండ్లని చూళ్ళేదు అన్నయ్యగారూ. వీడి కాళ్ళే చూశాను. గట్టెక్కుతుంటే కుడికాలు జారింది. మళ్ళీ నిలబడ్డాడు. నాకు అంతే తెలుసు."

బావ వచ్చి వంగి, గిట్ట ఎత్తి చూశాడు.

"గీరుకుంది. వాపేం లేదు చెల్లెమ్మా" అన్నాడు. తరువాత జనం వైపు తిరిగాడు. "చూసినవాళ్ళు లేనిది పందెమేంటయ్యా? ఎవరి గిత్త వాళ్ళింటికే. పదండి."

"అదికాదు బావా, నిజానికి నేను ఒక బారెడు ముందు..." అని నేను అందుకున్నాను. మా ఆవిడ నావైపు చూసింది. నోరు మూసుకున్నాను. నా జీవితంలో అలా మూసుకున్న సందర్భాలు వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు.

ఆవిడ గిత్తను కాడి నుంచి విప్పేసింది. దెబ్బ తగిలిన కాలుతో బండి లాగనివ్వనంది. తాడు పట్టుకుని నీడల వెంట నడిపించుకుంటూ ఇంటికి పోయింది, వెనక్కి చూడకుండా. నాకు మిగిలింది ఒక బండి, వలపట ఒక్క గిత్త.

ఆ కాడి దాపటి వైపు నా భుజం మీద పెట్టుకుని బండిని మా ఇంటిదాకా నేనే లాగాను. సరే, మలుపు దాకా. బావ వెనక నుంచి నెట్టాడు. నెట్టడం కన్నా నవ్వడం ఎక్కువ. అయినా చక్రాలు వెన్నలో తిరిగినట్టు తిరిగాయి. ఆ కందెనే లేకపోతే అక్కడే కూలబడేవాణ్ణి.

"బామ్మర్దీ!" అని కేకేశాడు బావ. "ఈ దాపటిది కదలట్లేదు, పొడవడానికి ముల్లుకర్ర ఎక్కడ పెట్టావురా?"