మిరియాల ధరకు గీసిన జంట గీతలు

మీ లెక్క తప్పిందని కళ్లెదుటే తేలినప్పుడు మీరు లెక్కను వదులుకున్నారా, రబ్బరు అందుకున్నారా? తొందరపడి జవాబు చెప్పకండి, ముందు నా సంగతి వినండి. రెండువేల సంవత్సరం దాటిన ఆ రోజుల్లో, విశాఖపట్నంలో చదువు ముగించి అనంతగిరి దగ్గర మా ఊరికి తిరిగొచ్చిన నాకు, లోకంలో నేను ఖండించలేనిది ఏదీ కనిపించేది కాదు. మా కొండల్లో జబ్బులకూ ముహూర్తాలకూ చేటలో బియ్యం పోసి చూసి చెప్పే దిసారితో నడివీధిలో వాదన పెట్టుకున్నాను (ఆయన చుట్ట కాల్చుకుంటూ విన్నాడు, వాదించింది నేనొక్కణ్ణే). బియ్యం గింజలకు భవిష్యత్తు తెలియదని, గ్రాఫు కాగితానికి తెలుస్తుందని నా సిద్ధాంతం.

ఆ ఏడు, నేనుంటున్న ఇంటి యజమానురాలు మా పెద్దమ్మ కాఫీ తోటలో మిరియం తీగలు విరగకాశాయి. వానలు పడేలోగా మిరియాలు అమ్మి, ఇంటి గడ్డికప్పు తీసి రేకులు వేయించాలని ఆవిడ ఆశ. ధర దిగుతోంది, వచ్చే సంతకే అమ్మేస్తానంది. నేను ఆపాను. పేపర్లో వచ్చే ధరలను చుక్కలుగా పెట్టి, పై చుక్కలను కలుపుతూ ఒక గీత, కింది చుక్కల మీదుగా దానికి సమాంతరంగా మరో గీత గీశాను. ఘాట్ రోడ్డులో బస్సు కొండకూ లోయకూ మధ్యే నడిచినట్టు ధర ఈ రెండు గీతల మధ్య గాడిలోనే నడుస్తుందని, కింది గీతను తాకగానే పైకి లేస్తుందని చెప్పాను. పెద్దమ్మ ఆ కాగితాన్ని భక్తిగా చూసింది. ఆ చూపు నాకు నచ్చింది (అక్కడే అనుమానించాల్సింది).

ఇక నాకు నిద్ర కరువైంది. రైల్లో పేపరు వచ్చేదాకా స్టేషన్లో పచార్లు చేసేవాణ్ణి. మబ్బు పడితే గుండె జారేది, చెమ్మ తగిలితే మిరియాలకు బూజు పడుతుంది. ధర కింది గీతను తాకింది. లేవలేదు. మర్నాడు గీత దాటి కిందికి పోయింది. చెమట పట్టిన వేళ్లతో ఆ గీతను చెరిపి ఇంకాస్త కిందుగా గీశాను. మళ్లీ దాటింది, మళ్లీ చెరిపాను. కాగితం అక్కడ నల్లబడి చిరుగు పట్టింది. వెనక పెద్దమ్మ నిలబడి ఉంది.

"ఏటి సేత్తన్నావురా?"

"గాడి వెడల్పయింది పెద్దమ్మా."

"దిసారీ అంతే నాయినా. రోగం తగ్గకపోతే, ఇది ఈ దెయ్యం కాదు, పక్క దెయ్యం అంటాడు."

ఎగతాళి లేకుండానే అంది. ఆ వారం సంతలో షావుకారు ఇచ్చిన ధరకే మిరియాలు అమ్మేసి వచ్చి కోడిని కోసింది. దేనికని అడిగాను.

"సూసినోడికి కోడి పెట్టాల. మాట నిజమైనా, కాకపోయినా. దిసారికి పెట్టమేటి?"

నేను దిసారిని కానని గట్టిగా వాదించాను, ఆఖరి ముక్క అయ్యేదాకా. వచ్చిన డబ్బుకు సగం ఇంటికే రేకులు పడ్డాయి. ఆ వానాకాలమంతా కారే గడ్డికప్పు కింద మంచం నాదే.

ఇవాళ కంప్యూటర్లో ఒక్క నొక్కుతో ఆ జంట గీతలు పడతాయి, చెరిపితే నలుపు కూడా మిగలదు. చిరిగిన కాగితం ముందు చెమటలు కక్కిన ఆ కుర్రాడు గుర్తొస్తే నవ్వొస్తుంది, కాస్త జాలీ వేస్తుంది. మీరు మాత్రం గీత గీసే ముందే, ధర ఎక్కడ దాటితే మీ మాట తప్పో ఆ చోటు సిరాతో రాసిపెట్టండి. రబ్బరు మీ పెద్దమ్మ చేతికిచ్చేయండి. ఇవాళే ఇవ్వండి.