మొగ్గు

పొద్దున వంటింట్లో రేడియో గరగరలాడుతూ, ఈ నెల కోస్తాలో సాధారణం కంటే ఎక్కువ వర్షాలు పడే అవకాశం ఉందని చెప్పింది. "అయితే మునిగామన్నమాట," అంటూ మావారు గొడుగు వెతకడం మొదలుపెట్టారు. "ఆ సాధారణం ఎంతో తెలుసా మీకు?" అన్నాను. నిజానికి ఆ ప్రశ్న నాది కాదు. గుంటూరులో మా ఆడపిల్లల కాలేజీలో భూగోళం చెప్పిన సుభద్ర మేడం గారిది. నాకీ నోరు మా అమ్మ నుంచి వచ్చిందని చుట్టాలంటారు. దానికి పదును పెట్టింది మాత్రం ఆవిడే.

అరవైల మొదట్లో సంగతి. ఆవిడ రాబోయే నెల వేడి, వానల అంచనాలు తెప్పించుకుని, పెద్ద కాగితం మీద పటంగా గీసి క్లాసు గోడకు తగిలించేవారు. వేడి పెరిగేచోట ఎరుపు, వాన పెరిగేచోట ఆకుపచ్చ. రంగు ముదిరిందంటే కుండపోతే అనుకునేవాళ్లం. "రంగుతో ముదిరేది వాన కాదమ్మా, మన నమ్మకం. మామూలుకు పైనా కిందా అన్నదాంట్లో త్రాసు ఎటు మొగ్గిందో చెబుతుందంతే," అనేవారు. నేను ఊరుకుంటానా? "పడుతుందో లేదో చెప్పలేని పటం గోడకెందుకండీ? క్యాలెండరైతే బొమ్మైనా బాగుంటుంది," అన్నాను. క్లాసంతా గొల్లుమంది. "కూర్చోకు, నిలబడే వాదించు," అన్నారావిడ, తనూ నవ్వుతూ. ఆడపిల్లను వాదించమన్న పెద్దమనిషిని నేను చూడటం అదే మొదలు.

ఆ మాఘంలో నన్ను చూడటానికొచ్చిన నాన్న కళ్లు గోడమీద పడ్డాయి. మా మిరప ఊళ్ల మీద చిక్కటి ఆకుపచ్చ. "ఏందమ్మాయ్ ఆ రంగు?" అన్నాడు. మామూలు కంటే ఎక్కువ వానన్నాను. ఆయన ముఖం పాలిపోయింది. కోసిన కాయంతా కల్లంలో ఆరబోసి ఉంది. తడిస్తే తెల్లబారి పనికిరాని తాలవుతుంది, పచ్చిగా ఎత్తి కుప్పేస్తే బూజు పడుతుంది. ఆ పంట పోతే నా చదువూ పోయినట్టే. అప్పటికే మా పెదనాన్న, ఆడపిల్లకి బియ్యే ఎందుకని సణుగుతున్నాడు.

"ఇప్పుడే పోయి కాయ ఎత్తించేస్తా," అంటూ నాన్న కండువా దులిపాడు.

మేడం గారు ఆపారు. "మాఘంలో మీ ఊళ్లో మామూలుగా ఎంత వాన పడుతుందండీ?"

"మాఘంలో వానేందమ్మా? దుమ్ము కూడా అణగదు."

"దానికంటే ఎక్కువంటే?"

నాన్న ఆలోచించాడు. "దుమ్ము అణుగుద్ది. కాయ చెడటానికి ఆ జల్లు చాలు గదమ్మా! ఇంతకీ పడుద్దంటారా, పడదంటారా?"

"మొగ్గు అటుంది, తీర్పు రాలేదు. పడితే కప్పడానికి ఏముంది మీ దగ్గర?"

"తాటాకు చాపలుండాయి, అటక మీద."

"దింపించి కల్లం పక్కన పెట్టుకోండి. కాయను ఎండనివ్వండి. వాన రాకపోతే చాపలు మోసిన శ్రమే కదా పోయేది."

చినుకు పడలేదు. కాయలు గలగలలాడేట్టు ఎండాయి. నాన్న ఒక బుట్టెడు తెచ్చి, "మీరు పడదన్నారు, పడలా! ఇక ఊరంతా మిమ్మల్నే అడుగుద్ది," అన్నాడు. ఇంకొకరైతే పొంగిపోయేవారు. ఆవిడ మండిపడ్డారు. "నేను పడదని ఎప్పుడన్నానండీ? పటం పడేవైపే మొగ్గింది. పడకపోవడం మీ అదృష్టం. ఈ పొగడ్త నేను పుచ్చుకుంటే వచ్చే ఏడు మీరు చాపలు దింపరు."

నాన్న బిక్కమొహం వేశాడు. "మరి ఈ కాయలో?"

"కాయలెందుకు వదులుతాను? ఇటివ్వండి, కారం కొట్టించుకుంటాను."

నా చదువు సాగింది, వాదనలూ సాగాయి. ఓడిపోవడం నాకెప్పుడూ చేతకాలేదు. ఆవిడ పుణ్యమా అని గెలవడం కూడా తేలిగ్గా లేదు. "నువ్వన్నట్టే అయిందే!" అని ఎవరైనా మెచ్చుకోగానే నన్ను నేను ప్రశ్నించుకోవాల్సి వస్తుంది: తెలిసి అన్నానా, గుడ్డిగా తగిలిందా? చాలాసార్లు తగిలిందే. ఆ మాట పైకి అనాలంటే నా నోటికి మహా కష్టం. అయినా అంటాను.